చమురు, గ్యాస్ లెక్కలు: చెన్నై తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తండయార్‌పేటలో ట్యాంకర్ లారీల ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు పద్దులు రాశాను. ఇప్పుడు పెరంబూరులో ఆదివారం పూట పోటీ పరీక్షలకు చదివే తెలుగు పిల్లలతో కూర్చుంటున్నాను. అప్పుడు డ్రైవర్లు అడిగినవీ, ఇప్పుడు పిల్లలు అడుగుతున్నవీ దాదాపు ఒకే సందేహాలు. విడివిడిగా చెప్పి చెప్పి, చివరికి ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. సంవత్సరాల అంకెలు 2024-25 వరకే ఇచ్చాను.

## అంకెలు వెతికే ముందు

ఈ లెక్కలు అసలు ఎవరు ఇస్తారు? పేపర్లో ఒకటి, టీవీలో ఒకటి చెబుతారు.

పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద పీపీఏసీ (పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్) అనే విభాగం ఉంది. 2002 ఏప్రిల్ 1న, ప్రభుత్వమే ధరలు కట్టే పాత పద్ధతి పోయినప్పుడు, ఇది మొదలైంది. ఉత్పత్తి, దిగుమతి, వాడకం, ధర అన్నీ నెలనెలా వీళ్ళ సైటులో ఉచితంగా దొరుకుతాయి. మంత్రిత్వ శాఖ ఏటా ఒక గణాంకాల పుస్తకం వేస్తుంది. బొగ్గు, కరెంటుతో కలిపి చూడాలంటే కేంద్ర గణాంకాల శాఖవారి ఇంధన గణాంకాలు ఉన్నాయి. బావులు, బ్లాకుల (తవ్వకానికి కేటాయించిన ప్రాంతాల) సంగతి డీజీహెచ్, అంటే హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్, చూస్తుంది.

పేపర్లో చదివిన అంకె ఒకసారి పీపీఏసీ పట్టికలో వెతికి చూడమంటాను. ఐదు నిమిషాల పని. ఆ అలవాటు చేసుకున్న పిల్లలు మళ్ళీ నన్ను అంకెలు అడగలేదు, కారణాలు అడిగారు.

ఒకచోట మిలియన్ టన్నులు, ఒకచోట బ్యారెళ్ళు, ఒకచోట లీటర్లు. ఏది ఏమిటి?

మన ప్రభుత్వం చమురును బరువుతో, అంటే టన్నుల్లో లెక్కేస్తుంది. అంతర్జాతీయ మార్కెట్ బ్యారెళ్ళలో మాట్లాడుతుంది. బంకులో మనకు లీటర్లు. ఒక బ్యారెల్ అంటే దాదాపు 159 లీటర్లు. టన్ను ముడి చమురు సుమారు 7.33 బ్యారెళ్ళు. మిలియన్ టన్నులు అంటే పది లక్షల టన్నులు.

టన్ను నుంచి లీటరుకు వచ్చేటప్పుడే పొరపాటు జరుగుతుంది. పెట్రోలు తేలిక, డీజిల్ బరువు. టన్ను పెట్రోలు సుమారు 1,411 లీటర్లు వస్తే, టన్ను డీజిల్ 1,210 లీటర్లే. 20 వేల లీటర్ల ట్యాంకర్‌లో పెట్రోలు నింపితే సుమారు 14 టన్నులు, డీజిల్ నింపితే పదహారున్నర. మే నెల ఎండలో అదే సరుకు డిప్ రాడ్ (ట్యాంకులో ముంచి మట్టం చూసే కడ్డీ) మీద ఇంకాస్త పైకి కనిపిస్తుంది, బరువు మాత్రం మారదు. దేశం లెక్క టన్నుల్లో ఎందుకు రాస్తారో నాకు ఆ రాడ్ దగ్గరే అర్థమైంది.

2023-24 అంటే ఏ నెల నుంచి ఏ నెల దాకా?

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా. విదేశీ సంస్థల పట్టికలు ఎక్కువగా జనవరి నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

అంకె పక్కన ‘పి’ అని ఉంటుంది. అదేమిటి?

తాత్కాలికం అని. కంపెనీల దగ్గర్నుంచి తుది లెక్కలు వచ్చాక అంకె కొద్దిగా మారుతుంది. 2023-24 వాడకం మొదట 23.33 కోట్ల టన్నులు అన్నారు, తర్వాత 23.43 కోట్లకు దగ్గరైంది. ఇద్దరు పిల్లలు చెరో అంకె రాసి వాదించుకుంటుంటే ఇద్దరివీ సరైనవే, తేదీలే వేరని చెప్పాల్సి వచ్చింది.

## భూమిలోంచి వచ్చేది

మన దేశంలో చమురు ఎంత తీస్తున్నాం? ఏటేటా ఎందుకు తగ్గుతోంది?

2011-12లో 3.81 కోట్ల టన్నులు తీశాం. 2023-24కి అది 2.94 కోట్లకు, 2024-25లో 2.87 కోట్లకు దిగింది. ఇందులో గ్యాస్‌తో పాటు బయటికొచ్చే తేలిక చమురు, అంటే కండెన్సేట్, కూడా కలిసే ఉంది.

మన పెద్ద క్షేత్రాలు పాతబడ్డాయి. ముంబై దగ్గరి సముద్రంలోని బాంబే హై 1974లో దొరికింది, 1976లో ఉత్పత్తి మొదలైంది. బావి వయసు పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది, చమురుతో పాటు నీళ్ళు ఎక్కువ వస్తాయి. నీళ్ళో గ్యాసో లోపలికి పంపి ఒత్తిడి నిలబెడతారు గానీ, దానితో తగ్గుదల నెమ్మదిస్తుంది, ఆగదు. రాజస్థాన్‌లో మంగళ క్షేత్రం 2009లో మొదలైనప్పుడు లెక్క కాస్త లేచింది. తర్వాత అంత పెద్దది మళ్ళీ రాలేదు. 2024 జనవరిలో కృష్ణా గోదావరి లోతు సముద్రం నుంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది. అది పాత బావుల్లో తగ్గినంతా పూడ్చలేకపోయింది.

కేజీ (కృష్ణా గోదావరి) బేసిన్‌లో అంతులేని గ్యాస్ ఉందన్నారు కదా, అదంతా ఏమైంది?

గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ ఇది అడుగుతారు. ఊళ్ళ పక్కనే బావులు చూస్తూ పెరిగినవాళ్ళు, అడిగే హక్కు వాళ్ళకుంది.

కేజీ డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్ళింది. 8 కోట్లకు చేరుతుందని అంచనా వేశారు, చేరలేదు. అక్కడి నుంచి పడిపోవడమే. దేశం మొత్తం గ్యాస్ ఉత్పత్తి 2010-11లో 52.2 బిలియన్ ఘనపు మీటర్లు ఉంటే, 2020-21కి 28.7కి వచ్చింది. ఆ గ్యాస్ వస్తుందన్న నమ్మకంతో గోదావరి జిల్లాల్లో కట్టిన కరెంటు ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి. అప్పు తెచ్చి కట్టిన యంత్రం తిరగకపోతే వడ్డీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పట్టికలో ఒక గీత కిందికి దిగితే నేల మీద ఏమవుతుందో చూడాలంటే ఆ పదేళ్ళు చూడాలి.

తర్వాత అదే బ్లాకులో లోతు ఎక్కువున్న మూడు కొత్త క్షేత్రాలు 2020 డిసెంబరు, 2021, 2023ల్లో ఒకటొకటిగా మొదలయ్యాయి. దాంతో దేశ ఉత్పత్తి 2023-24లో 36.4 బిలియన్ ఘనపు మీటర్లకు లేచింది, అందులో సుమారు 30 శాతం ఈ బ్లాకుదే. కాబట్టి గ్యాస్ మాయమైపోయిందన్న మాట తప్పు, అంతులేనిదన్న మాట కూడా తప్పు. భూమిలో ఎంత ఉందన్నది ఒక అంచనా. అందులో ఎంత తీయగలమన్నది దానికంటే చిన్న అంకె. ఏ ధరకు తీస్తే గిట్టుతుందన్నది ఇంకా చిన్నది. అప్పట్లో జనానికి మొదటి అంకె ఒక్కటే చెప్పారు.

మణలిలో అంత పెద్ద రిఫైనరీ ఉంది, అంటే తమిళనాడులో చమురు బాగా ఉన్నట్టేగా?

కాదు. రిఫైనరీ శుద్ధి చేస్తుంది, భూమిలోంచి తీయదు. మణలి రిఫైనరీ 1969లో మొదలైంది, అప్పటి సామర్థ్యం ఏడాదికి 25 లక్షల టన్నులు, ఇప్పుడు కోటీ 5 లక్షలు. దానికి కావలసిన ముడి చమురులో ఎక్కువ భాగం ఓడల్లో చెన్నై రేవుకు వచ్చి, గొట్టంలో మణలికి చేరుతుంది. కావేరీ డెల్టాలో బావులున్నాయి, కానీ వాటి చమురు ఈ రిఫైనరీ ఆకలికి ఏ మూలకూ రాదు. 2020లో ఆ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసి, కొత్త బావులు తవ్వకుండా కట్టడి చేశారు కూడా.

పట్టికలో ‘ముడి చమురు ఉత్పత్తి’, ‘పెట్రోలియం ఉత్పత్తుల ఉత్పత్తి’ అని రెండు వరుసలుంటాయి. మొదటిది బావి దగ్గర లెక్క, రెండోది రిఫైనరీ గేటు దగ్గర లెక్క. కోనసీమలో తాటిపాక దగ్గర ఏడాదికి 66 వేల టన్నుల బుల్లి రిఫైనరీ ఒకటుంది. అదీ దేశపు రిఫైనరీల జాబితాలో మణలి, విశాఖలతో పాటే ఉంటుంది. ఆ పేరు చూపిస్తే కోనసీమ పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

గ్యాస్ ఉత్పత్తికి ‘స్థూల’, ‘నికర’ అని రెండు అంకెలెందుకు?

తీసిన గ్యాస్‌లో కొంత అక్కడే మంటగా కాల్చేస్తారు. అది పోగా మిగిలేది నికరం. వాడకంతో పోల్చేటప్పుడు నికరమే తీసుకోండి.

## కొనేది, వాడేది

మన చమురు 88 శాతం దిగుమతే అంటారు. ఆ లెక్క ఎలా వేస్తారు?

దేశంలో వాడిన ఉత్పత్తుల్లో, మన సొంత చమురుతో తయారైనవి ఎంతో చూసి, మిగిలినదంతా దిగుమతి మీద ఆధారపడినట్టు లెక్కేస్తారు. 2022-23లో అది 87.4 శాతం, 2024-25లో 88కి కాస్త పైన. తయారు చేసి విదేశాలకు అమ్మేసినదాన్ని ఇందులో కలపరు. కాబట్టి మొత్తం దిగుమతిని మొత్తం వాడకంతో భాగించి చూసుకుంటే మీకు వేరే అంకె వస్తుంది, దాన్ని చూసి ప్రభుత్వం తప్పు చెప్పిందనుకోకండి.

మనకే చాలక కొనుక్కుంటుంటే, మళ్ళీ ఎగుమతి ఎందుకు?

కొనేది ముడి చమురు, అమ్మేది శుద్ధి చేసిన డీజిల్, పెట్రోలు, విమాన ఇంధనం. దేశంలో రిఫైనరీల సామర్థ్యం ఏడాదికి 25 కోట్ల టన్నులు దాటింది, మన అవసరం కంటే ఎక్కువ. మిగిలిన సామర్థ్యంతో కూలికి పిండి ఆడించే మరలాగా పని చేసి అమ్ముతాం. 2023-24లో 6 కోట్ల టన్నులకు పైగా ఉత్పత్తులు ఎగుమతి చేశాం. అదే సమయంలో వంటగ్యాస్ మాత్రం సగానికి మించి బయటి నుంచే తెచ్చుకుంటున్నాం. ముడి చమురు నుంచి అన్నీ మనకు కావలసిన పాళ్ళలో రావు, అదే కారణం.

ఎక్కువ వాడేది పెట్రోలేగా?

డీజిల్. 2024-25లో మొత్తం వాడకం సుమారు 23.9 కోట్ల టన్నులైతే, అందులో డీజిల్ 9.1 కోట్లు, పెట్రోలు 4 కోట్లు, వంటగ్యాస్ 3.1 కోట్లు. లారీ, బస్సు, ట్రాక్టరు, పడవ అన్నీ డీజిల్ మీదే నడుస్తాయి. డీజిల్ రూపాయి పెరిగితే కోయంబేడు మార్కెట్లో కూరగాయల కిరాయి కదులుతుంది. పెట్రోలు మాత్రం వేగంగా పెరుగుతోంది, స్కూటర్లూ కార్లూ పెరిగాయి గనక.

‘వాడకం’ అంటే నిజంగా కాల్చినదేనా?

చాలావరకు అమ్మకాల లెక్క. డిపో నుంచి బంకుకు వెళ్ళగానే వాడినట్టే రాస్తారు, మీ బండి ట్యాంకులో ఎప్పుడు కాలిందో ఎవరూ చూడరు. అందుకే ధర పెరుగుతుందని పుకారు వచ్చిన నెలలో వాడకం ఎగసినట్టు, మరుసటి నెల పడినట్టు కనిపిస్తుంది. మా ఆఫీసులో అలాంటి వారాల్లో లారీలు రాత్రంతా తిరిగేవి. ఒక్క నెల అంకె చూసి దేశ ఆర్థిక పరిస్థితి తేల్చేయకండి, కనీసం మూడు నెలలు కలిపి చూడండి.

అక్కా, ఎన్నూరులో దిగే గ్యాసూ మా ఇంటి బండలో గ్యాసూ ఒకటేనా?

కాదమ్మా. ఎన్నూరు కామరాజర్ రేవులో 2019లో మొదలైన టెర్మినల్‌లో దిగేది ఎల్‌ఎన్‌జీ, సహజవాయువు. అది ముఖ్యంగా మీథేన్. దాదాపు మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే ద్రవమై, పరిమాణం ఆరువందల వంతుకు తగ్గుతుంది. ఓడలో తెచ్చి, ఇక్కడ మళ్ళీ వాయువుగా మార్చి గొట్టాల్లో పంపుతారు. ఆ టెర్మినల్ సామర్థ్యం ఏడాదికి 50 లక్షల టన్నులు. ఎరువుల కర్మాగారాలకు, ఫ్యాక్టరీలకు, గొట్టం గ్యాస్ తీసుకున్న ఇళ్ళకు, సీఎన్‌జీ ఆటోలకు వెళ్ళేది ఇదే.

బండలో 14.2 కిలోలు ఉండేది ఎల్‌పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్. పట్టికల్లో ఇది పెట్రోలియం ఉత్పత్తుల కింద వస్తుంది, ‘సహజవాయువు’ కింద వెతికితే దొరకదు. పరీక్షలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

సహజవాయువులో మనం వాడేదాంట్లో దాదాపు సగం దిగుమతే. ఎరువులదే పెద్ద వాటా.

యుద్ధం వచ్చి ఓడలు ఆగితే ఎన్నాళ్ళు నడుస్తుంది?

ప్రభుత్వం భూగర్భ గుహల్లో దాచుకునే నిల్వలు మూడు చోట్ల ఉన్నాయి. విశాఖలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పాడూరులో 25 లక్షలు. మొత్తం 53.3 లక్షల టన్నులు పడతాయి. నిండా ఉంటే సుమారు తొమ్మిదిన్నర రోజుల అవసరానికి సరిపోతుంది. ఇది కాక కంపెనీల ట్యాంకుల్లో, గొట్టాల్లో, దారిలో ఉన్న ఓడల్లో ఉండేది వేరే. వార్తల్లో ఎక్కువ రోజులు చెప్పారంటే అవన్నీ కలిపి చెప్పారని అర్థం. ‘పడుతుంది’ వేరు, ‘ఉంది’ వేరు, అదీ గమనించండి.

## ధర దగ్గర

‘ఇండియన్ బాస్కెట్’ అంటే ఏ చమురు?

అలాంటి చమురు ఏ బావిలోనూ ఉండదు. మన రిఫైనరీలు శుద్ధి చేసే రకాలను బట్టి కట్టిన సగటు ధర అది. గంధకం ఎక్కువున్న రకానికి ఒమన్, దుబాయ్ ధరల సగటు, తక్కువున్న రకానికి బ్రెంట్ (ఐరోపా ఉత్తర సముద్రపు చమురు) ధర తీసుకుంటారు. మొదటిది ముప్పాతిక వంతుకు కాస్త పైన, రెండోది మిగిలినది. రష్యా చమురును రాయితీకి కొన్నా ఈ సగటులో ఆ రాయితీ కనబడదు. ఏడాది సగటు 2022-23లో బ్యారెల్ 93.15 డాలర్లు, 2023-24లో 82.58, 2024-25లో 78.56.

2013లో బ్యారెల్ వంద డాలర్లు దాటి ఉంది, పెట్రోలు డెబ్బై చిల్లర. తర్వాత బ్యారెల్ ఎనభై లోపు, పెట్రోలు వంద! ఇది మోసం కాదా?

కోపం అర్థమవుతుంది, ముందు లెక్క చూద్దాం. 2013-14లో సగటు 105.52 డాలర్లు, డాలరు దాదాపు ₹60.50. అంటే బ్యారెల్ సుమారు ₹6,400. 2024-25లో 78.56 డాలర్లు, డాలరు ₹84.50 చొప్పున సుమారు ₹6,600. డాలర్లలో పావు వంతు తగ్గిన చమురు, రూపాయల్లో కాస్త పెరిగింది. 159తో భాగిస్తే లీటరు ముడి చమురు అప్పుడు ₹40, తర్వాత ₹42 దాకా. అంటే దాదాపు సమానం.

మరి బంకులో ముప్పై రూపాయల తేడా ఎక్కడిది? ఎక్కువ భాగం పన్నులది. అప్పట్లో ఖర్చు కంటే తక్కువకు అమ్మినది డీజిల్, కిరసనాయిలు, వంటగ్యాస్. వాటి భారాన్ని ప్రభుత్వ బడ్జెట్, చమురు కంపెనీలు మోశాయి. పెట్రోలు ధర మీద నియంత్రణ 2010 జూన్‌లోనే పోయింది, డీజిల్ మీద 2014 అక్టోబరులో. ఆ తర్వాత ముడి చమురు బాగా చవకైనప్పుడు పలుమార్లు ఎక్సైజ్ (కేంద్రం వేసే పన్ను) పెంచి, ఆ తగ్గుదలలో పెద్ద భాగం ఖజానాకు తీసుకున్నారు. ఇది దాచిన సంగతి కాదు, ప్రకటనల్లోనే ఉంది. న్యాయమా కాదా అన్నది మీరు తేల్చుకోండి, కానీ రూపాయి విలువను వదిలేసి వాదించకండి.

2020లో అమెరికాలో చమురు ధర సున్నా కిందికి పోయింది, మనకెందుకు తగ్గలేదు?

2020 ఏప్రిల్ 20న మైనస్ 37.63 డాలర్లకు పడినది అమెరికాలో మర్నాడు గడువు ముగిసే ఒక కాంట్రాక్టు. సరుకు దింపుకోవడానికి ట్యాంకుల్లో చోటు లేక, తీసుకెళ్ళమని ఎదురు డబ్బిచ్చారు. మన బాస్కెట్ ఆ నెల సగటు 19.90 డాలర్లు. అదీ చాలా తక్కువే. కానీ అదే ఏడాది మార్చిలో లీటరుకు ₹3, మేలో పెట్రోలు మీద ₹10, డీజిల్ మీద ₹13 ఎక్సైజ్ పెరిగింది. పెట్రోలు మీద ఎక్సైజ్ ₹32.98 అయింది. 2021 నవంబరులో, 2022 మేలో కొంత తగ్గించారు.

రోజూ ఉదయం ఆరింటికి ధర మారుతుందన్నారు. ఏళ్ళ తరబడి కదలలేదేం?

రోజువారీ సవరణ 2017 జూన్ 16న మొదలైంది. మార్చే వీలు కంపెనీలకు ఉంది, మార్చి తీరాలన్న నియమం లేదు. 2022 ఏప్రిల్ 6 తర్వాత, 2024-25 దాకా చూస్తే, ముడి చమురు ఎంత ఎగిరినా, జూన్‌లో బాస్కెట్ 116 డాలర్లకు వెళ్ళినా, కంపెనీలు ధర పెంచలేదు. తర్వాత చమురు దిగినప్పుడు వెంటనే తగ్గించనూ లేదు. 2024 మార్చి 15న ₹2 తగ్గించాయి.

నెల్లూరు వెళ్ళేటప్పుడు మా ఆయన గుమ్మిడిపూండిలోనే ట్యాంకు నింపేస్తారు. తడ దాటితే అంత తేడా ఎందుకు?

మంచి పనే చేస్తున్నారు. అది వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, తేడా. తమిళనాడులో 2021 ఆగస్టు తగ్గింపు తర్వాత పెట్రోలు మీద 13 శాతం, దానిపైన లీటరుకు ₹11.52. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దానిపైన ₹4, రోడ్డు సెస్సు ₹1. వ్యాట్‌కు ముందు ధర ₹79 అనుకోండి. ఇక్కడ వ్యాట్ ₹21.79, మొత్తం ₹100.79. అక్కడ ₹29.49, మొత్తం ₹108.49. ముప్పై లీటర్లకు ₹231 తేడా. రేట్లు ప్రభుత్వాలు మార్చుతుంటాయి గానీ లెక్క వేసే తీరు ఇదే.

జీఎస్టీలోకి తెస్తే పీడా పోతుందిగా?

ముడి చమురు, పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనం, సహజవాయువు, ఈ ఐదింటికీ జీఎస్టీ వర్తించదు. వంటగ్యాస్ బండకు వర్తిస్తుంది. వీటి వ్యాట్ రాష్ట్రాల సొంత ఆదాయంలో పెద్ద భాగం, అందుకే ఏ పార్టీ ప్రభుత్వమైనా వదులుకోవడానికి వెనకాడుతుంది.

మన గ్యాస్‌కే ఒక చోట ఆరున్నర డాలర్లు, ఇంకో చోట పది డాలర్లు. ఎందుకలా?

క్షేత్రాన్ని బట్టి. పాత క్షేత్రాల గ్యాస్‌కు 2023 ఏప్రిల్ నుంచి ఇండియన్ బాస్కెట్‌లో 10 శాతం ధర, కనిష్ఠం 4 డాలర్లు, గరిష్ఠం 6.50, ఎంఎంబీటీయూకి (గ్యాస్ ఇచ్చే వేడిని బట్టి లెక్కేసే కొలత). 2025 ఏప్రిల్‌లో గరిష్ఠం 6.75 అయింది. చమురు 80 డాలర్లుంటే లెక్క ప్రకారం 8 రావాలి, కానీ గరిష్ఠం దగ్గర ఆగుతుంది. లోతు సముద్రంలో తవ్వడం ఖర్చు ఎక్కువ కాబట్టి వాటికి వేరే గరిష్ఠ ధర, ఆరు నెలలకోసారి ప్రకటిస్తారు. ఓడలో వచ్చే ఎల్‌ఎన్‌జీ ధర ఈ రెండిటితో సంబంధం లేకుండా ప్రపంచ మార్కెట్‌తో పోతుంది.

## అంకెల్ని వాడేటప్పుడు

పరీక్షలో ఏ అంకె రాయాలి?

సంవత్సరం, కొలమానం రాసి, అంకెను దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించి రాయండి. ‘2024-25లో సుమారు 24 కోట్ల టన్నులు’ అంటే చాలు.

‘వాడకం పది శాతం పెరిగింది’ అని వార్త వస్తే నమ్మవచ్చా?

నమ్మవచ్చు, కానీ దేనికంటే పెరిగిందో అడగండి. 2019-20లో వాడకం 21.4 కోట్ల టన్నులు. లాక్‌డౌన్ ఏడాది 2020-21లో 19.4 కోట్లకు పడింది, 2021-22లో 20.2, 2022-23లో 22.3. ఆఖరి ఏడాది పెరుగుదల పది శాతం దాటింది. కానీ 2019-20తో పోలిస్తే మూడేళ్ళలో నాలుగు శాతమే. రెండు వాక్యాలూ నిజమే. మొదటిది రాసిన విలేఖరి అబద్ధమాడలేదు, పడిపోయిన చోటి నుంచి కొలిచాడు.

లాక్‌డౌన్ ఏడాదిలో అన్నీ పడలేదు. అందరూ ఇళ్ళలోనే వండుకున్నారు, వంటగ్యాస్ వాడకం పెరిగింది. ఆ ఏప్రిల్‌లో మా డిపో రోడ్డు మీద పెట్రోలు ట్యాంకర్లు వరసగా నిలబడిపోతే, బండల లారీలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.